మంచి వైపు ఎవరి వైపు

దర్జీ ఏ పని చేసినా మంచి వైపు ఏదో ముందు చూసుకునే మనిషి. అందుకే తన పెరటికీ బావమరిది పెరటికీ మధ్య చెక్క కంచె కట్టినప్పుడు, నున్నటి పలకలు తన వైపు తిప్పుకుని, అడ్డకర్రలూ మేకులూ బావమరిది వైపు వదిలేశాడు. కడుతున్నప్పుడు భార్య ఏదో చెప్పబోయింది. "కంచె సంగతి నీకేం తెలుసు, పక్కకి జరుగు" అన్నాడు.

వారం తిరక్కుండా మున్సిపాలిటీ నుంచి ఒకావిడ టేపు పట్టుకుని వచ్చింది. ఫిర్యాదు అందిందట.

ఆవిడ కొలుస్తుంటే దర్జీ మెడలోని టేపు తీసి తనూ కొలిచాడు. ఆరడుగులకి అరంగుళం తక్కువే. హద్దురాయికి జానెడు లోపలే ఉంది. ఆయన మీసం ఓ సారి లేచింది.

"ఎత్తు సరిపోయిందండీ. పలకలు తిప్పిన వైపే తప్పు. కంచె నునుపు వైపు పక్కింటివాళ్ళకి కనిపించాలి. అడ్డకర్రలు కట్టుకున్నవాళ్ళ వైపుండాలి. అది రూలు."

"అదేం రూలమ్మా! సొమ్మొకడిది, సోకొకడిదీనా?"

"పదిహేను రోజుల్లో తిప్పించండి" అని కాగితం చేతిలో పెట్టి వెళ్ళిపోయిందావిడ.

ఫిర్యాదు ఎవరిదో ఆయనకి వేరే చెప్పాలా? కంచె దూకినంత పని చేసి బావమరిది గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏరా, మొహం మీద అడగలేక ఆఫీసుకెక్కావా?"

బావమరిది గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహం నురగ. "నేనా బావా? నాకా అడ్డకర్రలే బాగున్నాయి. తువ్వాలు ఆరేసుకుంటున్నాను, చూడు."

నిజమే, తువ్వాలు వేలాడుతోంది.

"మరి ఎవడురా?"

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఓసారి అక్కని అడిగి చూడు" అని నురగలోంచే నవ్వాడు.

ఇంటికొస్తే భార్య దాచలేదు. "నేనే చేశాను. కర్రలు మన వైపుంటే వాటి మీద కుండీలు పెట్టుకుందామనుకున్నాను. చెప్పబోతే పక్కకి జరగమన్నారుగా? జరిగాను. జరిగి జరిగి ఆఫీసు దాకా వెళ్ళాను."

ఆయనకి కోపం రావలసిందే. కానీ ఆవిడ అంత నింపాదిగా చెబుతుంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం సిగ్గేసింది.

రెండు రోజులు బావా బావమరుదులిద్దరూ పలకలు ఊడదీసి, తిప్పి కొట్టారు. తువ్వాలు ఆరేసే జాగా పోయిందని బావమరిది గొణుగుతూనే మేకులు అందించాడు. ఇటువైపు కుండీలు బారుగా ఎక్కాయి. నిజం చెప్పాలంటే పెరటికి కళ వచ్చింది. ఆ మాట మాత్రం దర్జీ పైకనలేదు.

మున్సిపాలిటీ ఆవిడ మళ్ళీ వచ్చి, చూసి, సంతకం పెట్టింది.

"మేడమ్, రంగుకేమైనా రూలుందా?" అడిగాడు దర్జీ.

"లేదండీ. మీ ఇష్టం."

ఆయన డబ్బా తెద్దామని చెప్పుల్లో కాళ్ళు పెట్టినవాడల్లా గుమ్మంలోనే ఆగి, వంటింటి వైపు గొంతెత్తాడు.

"ఇదిగో, ఏ రంగు తెమ్మంటావు?"

"ఆలోచించి చెప్తాను, కూర్చోండి" అంది ఆవిడ.

కూర్చున్నాడు.