వాకిలి మంచం

గిన్నెలో సూదులు సలసల మరుగుతున్నాయి. ఆరోగ్యమ్మ కొంగు నడుముకు బిగించి, పటకారుతో ఒక్కొక్కటీ తీసి పళ్లెంలో పరిచింది. నరసరావుపేటలో ఆ పిల్లల వార్డుకు పద్దెనిమిదేళ్లుగా ఆమే ఆయా. ఆవిరికి వేళ్ల చివర్లు ఎప్పుడూ పాలిపోయే ఉంటాయి.

ఆ వార్డులో ఒక పద్ధతుంది. ఇక బతకదనుకున్న బిడ్డను వాకిలి పక్క మంచానికి మారుస్తారు, మిగతా తల్లులు బెదిరిపోకుండా. మార్చేది ఆరోగ్యమ్మే. పదకొండేళ్ల కిందట, యాభై ఒకటిలో, తన మూడేళ్ల కూతురు మరియమ్మను కూడా తన చేతులతోనే మార్చింది. చెప్పారు, చేసింది. చేసినందుకు తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఈపూరు రత్తమ్మ కొడుకు చిన్నకోటయ్యకు ఏడాదిన్నర. నెమ్ము చేసి డొక్కలెగరేస్తున్నాడు. నాలుగు రోజులుగా పెన్సిలిన్ పొడుస్తున్నా జ్వరం దిగలేదు. డాక్టరమ్మ గుచ్చిగుచ్చి అడిగితే రత్తమ్మ చెప్పింది.

"ముందు మా ఊళ్లోనే రెండు సూదులేయించామమ్మా. జరం తగ్గింది. మిగిలిన మందు వీడి అక్కకు పనికొస్తదని ఉట్టి మీద దాచా, ఇప్పుడు దానికీ దగ్గుంది. ఈ ఏడు మూడుసార్లు అట్టాగే చేశాం."

"సగం మందుకు చావని క్రిములు ఇప్పుడు మొండికెత్తాయి" అంది డాక్టరమ్మ. వేరే మందు కోసం గుంటూరు పంపిన మనిషి సాయంత్రం బస్సుకు గానీ రాడు.

మధ్యాహ్నం నర్సు ప్రేమకుమారి మెల్లగా అంది, "మంచం మార్చు."

"మార్చను సిస్టరమ్మా."

"ఏంది, నాకే ఎదురు చెప్తావా?"

"చెప్తా. ఊపిరున్న బిడ్డను వాకిట్లో పెట్టను. కావాలంటే నన్ను పనిలోంచి తీసెయ్యండి."

వార్డు నట్టనడుమ చతికిలబడి, బిడ్డను నిటారుగా గుండెకానించుకుంది. చెంచాతో చుక్కచుక్కగా నీళ్లు పట్టింది. "పీల్చరా నా తండ్రీ! బస్సొస్తంది, పీల్చు!" కాళ్లు మొద్దుబారిపోయాయి. కాసేపటికి ప్రేమకుమారే వచ్చి, ఆమె వీపు వెనక దిండు పెట్టి వెళ్లింది.

నాలుగింటికి డొక్కలెగరెయ్యడం ఆగింది. తగ్గిందనుకుని రత్తమ్మ నవ్వబోయింది. ఆరోగ్యమ్మ ముఖం చూసి కుప్పకూలింది.

ఆరోగ్యమ్మ బిడ్డ కళ్లు మూసి, తల్లి ఒళ్లో పెట్టి, ఆమె భుజాలు గట్టిగా పట్టుకుంది. "ఏమే, ఇంట్లో ఆడపిల్లకీ దగ్గుందన్నావుగా! ఆ ఉట్టి మీది సీసా పగలగొట్టు. పిల్లను రేపే తీసుకురా. సూదులన్నీ అయ్యేదాకా నిన్ను గడప దాటనిస్తే నా పేరు ఆరోగ్యమ్మ కాదు!"

ఏడుస్తూనే రత్తమ్మ తలూపింది. బిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

వాకిలి మంచం మీద, పొద్దున పరిచిన తెల్లదుప్పటి ఒక్క ముడతైనా పడకుండా అలాగే ఉంది.