గల్‌వత్త పెట్టె

ఉదేషిక హాస్టల్లో స్నానం చేసేది కాదు. వ్యాయామశాలలో వేడినీళ్ళొస్తాయని తువ్వాలు భుజాన వేసుకుని పొద్దున్నే అక్కడికి పోయేది. తర్వాత లైబ్రరీలో ఫ్యాను కింద జుట్టు ఆరబెట్టుకుంటూ పత్రికలు తిరగేసేది. లెక్కలు తేలకపోతే గణితశాఖలో ఉచితంగా సాయం చేసే కుర్ర లెక్చరరు దగ్గర కూర్చునేది. ఇంగ్లీషు వాక్యం వంకరపోతే దిద్దిపెట్టడానికి ఒకావిడ, మనసు వంకరపోతే వినిపెట్టడానికి ఇంకొకావిడ ఉండేవారు. ఇద్దర్నీ వదిలేది కాదు. సముద్రం ఒడ్డున మాతర ఊరి దగ్గర చేపలు ఎండబెట్టుకునే ఇంటి పిల్ల, ఏదీ వృథా పోనివ్వడం తెలీదు.

"ఈ యూనివర్సిటీని పిండి ఆరేస్తే గానీ వెళ్ళేట్టు లేవు," అనేవాడు భూగర్భశాఖ స్టోర్‌కీపరు బందుసేన.

"వాడుకోడానికేగా పెట్టారు మామా," అనేది.

బందుసేన చూసుకునే రేకుల షెడ్డు డిపార్ట్‌మెంటు వెనక ఉంది. కొండల్లోకి గొట్టం దింపి పైకి లాగిన మట్టీ రాయీ పొడుగాటి కడ్డీల్లా చెక్కపెట్టెల్లో పడుకుని ఉంటాయి, ఒక్కో కొండకు ఒక్కో పెట్టె. ఏ కొండైనా జారబోయే ముందు దాని పెట్టె తడుస్తుంది. మొదట చెమట పట్టినట్టు, తర్వాత చుక్కలుగా, ఆపైన ధారగా. బందుసేన గుడ్డతో తుడిచి కింద బకెట్టు పెట్టేవాడు. "కితుల్‌హేన పెట్టె మళ్ళీ కారుతోంది," అని లెక్చరర్లు టీ తాగుతూ చెప్పుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు కితుల్‌హేన కొండ జారి పేపర్లోకెక్కేది. ఎప్పుడో ఒక ప్రొఫెసరు ఉండబట్టలేక జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాడట. "రీడింగు ఎంత?" అని అడిగారట. పెట్టె తడిసిందంటే ఏ గడిలో రాసుకోవాలో వాళ్ళకు అర్థం కాలేదు. అప్పట్నుంచీ తుడవడమే.

ఉదేషిక పరిశోధన గల్‌వత్త కొండ మీద. కొండ కింద తేయాకు తోటలో పనిచేసే తమిళ కూలీలకు గోడకు గోడ ఆనించి కట్టిన లైను ఇళ్ళున్నాయి. వాన కొలిచే గాజు పాత్రను ఉదేషిక అక్కడ పాక్కియం అనే ఆవిడ ఇంటి వాకిట్లో పెట్టింది. పాక్కియం ఆకు కోసి వచ్చి, నడుం వాల్చకుండానే ఆ పాత్ర చూసి ఫోన్లో అంకె చెప్పేది.

"నాలుగు గీతలు నిండింది మిస్. ఇంత చదువూ చదివి, వాన పడిందో లేదో నన్నడగాలా?" అని వేళాకోళం చేసేది. ఆమె మొగుడు శివను వెనకనుంచి, "మా ఇంటి చూరు కిందకొస్తే కొలవక్కర్లేదు, ఒళ్ళే చెబుతుందను!" అని అరిచేవాడు.

ఫెళఫెళ ఎండ కాస్తున్న ఒక సోమవారం ఉదేషిక షెడ్డులోకి వెళ్ళేసరికి బందుసేన ఒక పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. గుడ్డ చేతిలోనే ఉంది, తుడవడం లేదు.

"నీదే," అన్నాడు.

అరచెయ్యి ఆనించింది. గల్‌వత్త మట్టి జ్వరం దిగిన పిల్ల నుదురులా తడిగా, చల్లగా తగిలింది. పరుగున వెళ్ళి కొండ మీది పరికరాలు పంపిన అంకెలు చూసింది. కొండ గోరంత కూడా కదల్లేదు.

గైడు డాక్టర్ రణవక మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పరికరాలు ఏమంటున్నాయి?"

"ఏమీ అనడం లేదు మేడమ్."

"అయితే నేనూ ఏమీ అనలేను."

ఉదేషిక మెట్ల మీద కూర్చుని ఆలోచించింది. కొండ పేరెత్తితే తోట దొర కూలీలకు సెలవివ్వడు సరికదా, మళ్ళీ తోటలో అడుగు పెట్టనివ్వడు. యూనివర్సిటీ బస్సూ ఇవ్వదు. కానీ విజ్ఞాన ప్రదర్శన అంటే ఇద్దరూ కాదనరు. అలాంటివాటికి ఏటా కేటాయించి ఎవరూ అడగక మురిగిపోయే సదుపాయాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. బస్సు అడిగింది, వ్యాయామశాల అడిగింది, హాస్టల్ వంటశాల అడిగింది. అన్నీ వచ్చాయి. లైను ఇళ్ళకు వెళ్ళి అందరికీ అదే చెప్పింది: మూడు రోజుల ప్రదర్శన, సూక్ష్మదర్శినిలో చూడొచ్చు, భోజనం ఉచితం, రాత్రి సినిమా.

"మమ్మల్ని చూపిస్తారా, మాకు చూపిస్తారా?" అంది పాక్కియం. నవ్వుతూనే చీర సర్దుకుని బస్సెక్కింది.

లైను లైనంతా వచ్చింది. శివను సూక్ష్మదర్శినిలో నీటిబొట్టు చూసి ఎగిరి వెనక్కి గెంతాడు. "ఇన్ని పురుగులు తాగి ఇన్నాళ్ళూ ఎలా బతికామే పాక్కియం!" అని అందరినీ నవ్వించాడు. ఆ రాత్రి వ్యాయామశాల చాపల మీద పడుకుని సినిమా చూశారు. తెల్లారేసరికి వాన పట్టుకుంది. షెడ్డులో బకెట్టు నిండి పొర్లుతోంది, బందుసేన వంటశాల నుంచి డేగిసాలు తెచ్చి పెడుతున్నాడు.

శివను గొడుగు చంకలో పెట్టుకుని గేటు దగ్గరకొచ్చాడు. "ఆవు అరుస్తూ ఉంటుంది మిస్. పాలు పిండి మధ్యాహ్నం బస్సుకి వచ్చేస్తా."

"ఈ ఒక్కరోజు ఆగన్నా. సాయంత్రం రాకెట్టు ఎగరేస్తాం."

"రాకెట్టు పాలిస్తుందా?"

పక్కనే డీన్ నిలబడి, ఫోటోలు తీసేవాడికి ఏదో చెబుతున్నాడు. అసలు మాట ఉదేషిక నాలుక మీదికొచ్చింది. డీన్ వింటే బస్సులు వెనక్కి తిప్పి అందర్నీ దింపేసి వస్తాడనిపించింది. మింగేసింది. శివను చెయ్యి ఊపి మలుపు తిరిగిపోయాడు.

భోజనాల వేళ పిల్లలు అప్పడాల కోసం కొట్టుకుంటున్నారు. బందుసేన వ్యాయామశాల గుమ్మంలో కనిపించాడు. చేతిలో గుడ్డ పొడిగా ఉంది.

"ఆగిపోయింది," అన్నాడు.

"తగ్గిందా మామా?"

"తగ్గడం కాదమ్మా. ఎండిపోయింది. ఏనాడూ తడి ఎరగనట్టుంది."

ఉదేషిక చేతిలో పళ్ళెం పక్కన పెట్టి పాక్కియం కోసం వెతికింది. పాక్కియం ఎవరి పిల్లకో అన్నం కలుపుతోంది. తల ఎత్తి ఉదేషిక మొహం చూసింది, కలపడం ఆపింది.

లైను ఇళ్ళున్న చోట ఎర్రటి మట్టి తప్ప ఇంకేమీ మిగల్లేదు. ప్రదర్శనకొచ్చిన అంతమందీ బతికారు. ఎంత ముందుచూపు, అని డీన్ ఉదేషికకు శాలువా కప్పబోతే ఆమె మరుగుదొడ్లో దాక్కుంది. శివను దొరకలేదు. ఆవు మాత్రం పక్క తోటలో మేస్తూ కనిపించింది.

కొన్నాళ్ళకు పాక్కియం ఆ పెట్టె చూస్తానంది. షెడ్డులో నేల మీద కూర్చుని, కడ్డీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వేళ్ళతో మెల్లగా తడిమింది.

"ఇది నీకు ముందే చెప్పిందా?"

"చెప్పిందక్కా."

"మరి ప్రదర్శన అని ఎందుకన్నావు మిస్?"

"సెలవివ్వరని... నమ్మరని..."

"కొండ కింద పుట్టినవాళ్ళం, మేం నమ్మమా?" పాక్కియం గొంతు పెద్దది చెయ్యలేదు. "కొండ కదులుతోందని ఒక్క మాట అని ఉంటే, ఆయన ఆవు కోసం వెళ్ళేవాడా?"

ఉదేషిక మనసు వినిపెట్టే ఆవిడ దగ్గరికి ఆ వారం వెళ్ళలేదు, ఆ తర్వాతా వెళ్ళలేదు. థీసిస్‌లో పెట్టెల గురించి ఉన్నదున్నట్టు ఒక అధ్యాయం రాసింది. తీసెయ్యమంది మేడమ్. తియ్యనంది. మేడమ్ సంతకం పెట్టలేదు, పట్టా రాలేదు. బందుసేన రిటైరైతే ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, షెడ్డు తాళంచెవి తీసుకుంది. చదువుకున్న పిల్లకి గుడ్డ పట్టుకుని తుడిచే పనేమిటని అమ్మ ఫోన్లో ఏడ్చింది.

పాక్కియానికి హాస్టల్ వంటశాలలో పని దొరికింది. ఇద్దరూ ఎదురుపడితే, తిన్నావా అంటే తిన్నావా అనుకునేవాళ్ళు, అంతే.

మరుసటేడు వానలు మొదలైన పొద్దున ఉదేషిక తాళం తీసి లోపల అడుగు పెడితే నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. పైకప్పు ఎక్కడా కారడం లేదు. ఆమె వరసంతా నడిచి ఒక్కో పెట్టె మీదా చెయ్యి వేసి చూసింది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో పాక్కియం, మోచేతుల దాకా కొబ్బరి పిప్పి.

"ఏ పెట్టె?" అంది.

"అన్నీ అక్కా."

పాక్కియం కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికొచ్చింది. ఉదేషిక ఫోన్ తీసింది. జిల్లా ఆఫీసుకు కాదు, మొదటి పెట్టె కొండ కింద తనకు తెలిసిన కిరాణా కొట్టుకు చేసింది. అవతల ఎత్తినాయన తమిళంలో హలో అన్నాడు. ఆమె ఫోన్ పాక్కియం చేతికిచ్చింది.

"కొండ కదులుతోంది," అంది పాక్కియం. "ఉన్నవాళ్ళు ఉన్నట్టే బయటికి రండి."

ఉదేషిక అప్పటికే రెండో కొండ నంబరు వెతుకుతోంది.