దండాల గ్రూపు

లెక్చరర్లంతా ఫోన్లో క్లాసు గ్రూపులు పెట్టి, తననూ అందులో చేర్చాలని ప్రిన్సిపాల్ హుకుం జారీ చేయగానే ఫిజిక్స్ మేడమ్ గ్రూపు పెట్టింది. పొయ్యి మీద కూర మాడుతున్నా పట్టించుకోకుండా, క్లాసులో అర్థం కాని పాఠాన్ని ఇంట్లో మళ్ళీ గొంతు చించుకుని చెప్పి, రికార్డు చేసి పంపేది. పంపిన మరుక్షణం చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడేవి.

"చూశారా, ఎన్ని దండాలో!" అని మొగుడికి చూపించి మురిసిపోయేది.

"పావుగంట పాఠం కదా, అప్పుడే వినేశారా?" అన్నాడాయన.

"మీకు కుళ్ళు," అంది.

ఒకరోజు ముందు బెంచీ అమ్మాయి, మేడమ్‌కి తలలో నాలుకలాంటి పిల్ల, స్నేహితుల గ్రూపులో పెట్టాల్సిన మాట పొరపాటున ఇందులో పెట్టేసింది. "ఎవరూ వినక్కర్లేదు. 'నీకో దండం తల్లీ, మమ్మల్నొదిలెయ్' అనుకుని ఒక దండం పడేయండి, చాలు."

వెంటనే చెరిపేసింది గానీ, మేడమ్ అప్పటికే చదివేసింది. ఆ పిల్ల ఏమీ ఎరగనట్టు పాఠం కింద ఇంకో దండం పెట్టింది.

మర్నాడు క్లాసులో ఆ పాఠం మీదే ఒక ప్రశ్న అడిగితే అందరివీ నేలచూపులే.

ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ పిలిపించాడు. "మీ గ్రూపే నంబర్ వన్ అమ్మా! ఆ దండాలు చూస్తుంటే కడుపు నిండిపోతోంది. మిగతా లెక్చరర్లకీ మీరే నేర్పాలి."

మేడమ్ రెండు చేతులూ ఎత్తి జోడించింది.

"మీకో దండం సార్."

ఆయన పొంగిపోయి, కుర్చీలోంచి లేచి మరీ ప్రతినమస్కారం చేశాడు.