నోట్లోంచి పోయిన ఊరు

నాకు ఎనభై ఏళ్ళు. చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఈ కాలపు సినిమాల్లో ఎవరేం మాట్లాడుతున్నారో తెలియడం లేదంటే తప్పు నా చెవులది కాదు. ఇప్పటి కుర్రాళ్ళు సగం మాట నములుతారు, సగం మింగేస్తారు. చొక్కా గుండీ వెనక మైకు దాచిపెట్టుకున్నాక నోరు తెరవాల్సిన ఖర్మ వాళ్ళకేం పట్టింది? మా రోజుల్లో మైకు నెత్తిమీద కర్రకు వేలాడేది. దానికీ, హాల్లో చివరి వరుస ముసలాయనకీ ఒక్కలా వినపడేట్టు మాట్లాడిన వాళ్ళకే ఇంకో సినిమా దొరికేది.

ఇన్ని మాటలనే నేను, పోయిన మార్చిలో జోయెల్ హిన్చ్‌లిఫ్ అనే కుర్ర డైరెక్టరు ఉత్తరం రాయగానే లండన్లో రైలెక్కేశాను. అది బార్న్స్‌లీలో తీసే సినిమా. బార్న్స్‌లీ ఉత్తర ఇంగ్లండులో మా ఊరు. మా నాన్న అక్కడి బొగ్గుగనిలోనే ముప్ఫై ఏళ్ళు దిగి ఎక్కాడు. సినిమాలో నాది, గనిలో మొగుడు పోయిన ముసలమ్మ వేషం. మా అమ్మ మాట్లాడినట్టు మాట్లాడమని అరవై ఏళ్ళలో నన్ను అడిగిన మొదటి మనిషి జోయెల్. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఉత్తరం చదువుకుని ఏడ్చాను.

పదిహేడేళ్ళప్పుడు లండన్ దగ్గర ఒక స్టూడియో వాళ్ళు నన్ను తీసుకున్నారు. అప్పటికి నేను హెట్టీ ఇబట్సన్‌ని. వాళ్ళకు నా మొహం నచ్చింది, నోరు నచ్చలేదు. మిసెస్ పార్జిటర్ అనే పంతులమ్మకు అప్పగించారు. ఆవిడ నా పళ్ళ మధ్య సీసా బిరడా పెట్టి రోజుకు మూడు గంటలు పద్యాలు చదివించేది. "నువ్వే ఊరిదానివో ఎవరికీ తెలియకూడదమ్మాయ్. తెలిసిందా, ఇక జన్మంతా పనిమనిషి వేషాలే," అనేది. ఎనిమిది నెలలు తిరిగేసరికి నేను హెలెన్ ఈవ్‌షామ్‌ని అయిపోయాను. డాక్టరు భార్యగా వేశాను, పైలట్ ప్రియురాలిగా వేశాను. మొహం కాస్త ముదిరాక పనిమనిషి వేషాలు ఎలాగూ వచ్చాయి. వాటికి మాత్రం "కొంచెం ఉత్తరాది యాస తగిలించండి" అనేవారు. టీ పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చి మాటను ముక్కుతో సాగదీస్తే హాలంతా నవ్వేది. ఆ యాస ఏ ఊళ్ళోనూ లేదని నాకు తెలుసు. అయినా తగిలించేదాన్ని.

బార్న్స్‌లీలో మా చెల్లెలు మేవిస్ ఇంట్లో దిగాను. దానికి డెబ్బై ఆరు. పుట్టిన వీధి దాటి కాపురం పెట్టలేదు. గుమ్మంలో నన్ను ఎగాదిగా చూసింది.

"వచ్చినవా? గీ పెట్టెల ఏం తెచ్చినవే, లండన్ మొత్తం తెచ్చినవా?"

"నోరు మూసుకుని ముందు టీ పెట్టు," అన్నాను.

"గట్ల కాదక్కా. 'నోర్ముయ్యే, చాయ్ పొయ్యి' అనాలె. గిదే రాకపాయె, ఇగ సినిమాల ఏం మాట్లాడ్తవ్?"

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. నాకేం భయం వెయ్యలేదు. పదిహేడేళ్ళు మాట్లాడిన మాట ఎక్కడికి పోతుంది, నాలుగు రోజులు ఇక్కడి నీళ్ళు తాగితే అదే వస్తుందనుకున్నాను.

నాలుగో రోజు నా ముఖ్యమైన సీను. పాత గనికార్మికుల ఇంటి పెరట్లో ఆ ముసలమ్మ చచ్చిపోయిన మొగుడి గని చొక్కాను ఆఖరిసారి ఉతుకుతూ అతనితో మాట్లాడుతుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళుగా నిలబడ్డ పన్నెండు మందీ ఆ ఊరివాళ్ళే. మేవిస్ కూడా ఫ్లాస్కులో టీ పట్టుకుని చూడ్డానికొచ్చింది.

"మేడమ్, ఎవ్వలకో వినిపియ్యాలని చూడకుండ్రి. మీలో మీరు గులుగుతున్నట్టు అనుండ్రి," అన్నాడు జోయెల్. వాడూ అక్కడి పిల్లాడే. ఇప్పుడు డైరెక్టర్లు కూడా యాస దాచుకోరు.

మొదటిసారి చెప్పాను. ప్రతి అక్షరం విడివిడిగా, కడిగిన గ్లాసులా వచ్చింది. జోయెల్ తల గోక్కుని, "మంచిగున్నది మేడమ్. కాకపోతే చర్చిల చదివినట్టున్నది," అన్నాడు.

రెండోసారి కళ్ళు మూసుకుని అమ్మ గొంతును వెతుక్కున్నాను. దొరికిందనుకుని నోరు తెరిచాను. "గీ అంగి ఎన్నిసార్లు ఉతికిన్నో. మసి పోలె, నువ్వు పోయినవ్," అన్నాను. బయటికొచ్చింది అమ్మ కాదు, టీ పళ్ళెం పట్టుకున్న పనిమనిషి. అదే ముక్కు, అదే సాగదీత. మొగుడు చచ్చిన ఆడది ఆ గొంతుతో ఏడుస్తుంటే ఆ పన్నెండు మందీ కిసుక్కుమన్నారు.

"ఎక్కడికెల్లి పట్కొచ్చిండ్రే గీమెను?" అంది ఒకామె.

"లండన్‌ల ఆక్టరంట. మనం గిట్లనే మాట్లాడ్తమని వాళ్ళ తెలివి," అంది పక్కనామె.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళకేసి తిరిగి, "క్షమించండి, నేను పుట్టింది ఈ ఊళ్ళోనే," అన్నాను. అన్నాక నా మాట నాకే వినపడింది. హాస్యమాడుతున్నాననుకుని వాళ్ళు ఇంకా పెద్దగా నవ్వారు.

ఏడుసార్లు తీశారు. సాయంత్రం జోయెల్ టోపీ చేత్తో నలుపుకుంటూ మేవిస్ ఇంటికొచ్చాడు. నా వైపు చూడకుండా, "మేడమ్, మొహమేమో మీదే ఉంటది. గా సీనుకు గొంతు మాత్రం మేవిస్ ఆంటీది పెడ్దామా?" అన్నాడు.

"అయితే నన్నెందుకు పిలిచావయ్యా? మొహమైతే ఫోటో పంపేదాన్నిగా."

"మీ మొహం అచ్చం మా నానమ్మ లెక్కనే ఉంటది మేడమ్," అన్నాడు. రేపు చెబుతానన్నాను.

వాడు వెళ్ళగానే మేవిస్ మీద పడ్డాను. "నువ్వు ఒప్పుకోవడానికి వీల్లేదు. అది నేను మాట్లాడాల్సిన మాట. అమ్మ మాట. నీకెంతో నాకూ అంతే హక్కుంది."

మేవిస్ కెటిల్ కింద గ్యాసు కట్టేసింది.

"అమ్మ పోయే రెండొద్దుల ముందు నువ్వు బ్రిస్టల్‌కెల్లి ఫోన్ చేసినవ్. యాదికుందా?"

"ఎందుకు లేదు? నాటకం మధ్యలోంచి రాలేకపోయాను. నువ్వు అమ్మ చెవి దగ్గర పెట్టావు. అన్నీ విందని చెప్పావు."

"ఇన్నది. అన్ని ఇన్నది. ఫోన్ పెట్టేసినంక నన్ను అడిగింది. 'ఎవలే గామె, ఎంత మంచిగ మాట్లాడింది. నా బిడ్డ హెట్టీ సుత ఒక్కపారి ఫోన్ చేస్తే బాగుండు' అన్నది."

"అది నేనేనని చెప్పలేదా?" అన్నాను.

"హెట్టీనేనే అమ్మా అన్న. నమ్మలే. నా బిడ్డ గొంతు నాకు ఎర్క లేదా అన్నది."

"ముప్ఫై ఐదేళ్ళు ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేస్తుంటివి?" అంది మేవిస్. అది ఏడుస్తోంది. నాకు ఏడుపు కూడా రాలేదు.

మర్నాడు జోయెల్‌తో సరేనన్నాను. ముందురోజు తీసినదానికి మేవిస్ గొంతు జోడించి చూస్తే ఇంకో చిక్కొచ్చింది. మేవిస్ మాట అయిపోయాక కూడా తెర మీద నా పెదవులు కదులుతూనే ఉంటున్నాయట. ప్రతి అక్షరానికీ నోరు తెరిచే అలవాటు మరి. అందుకని కెమెరాకు వీపు పెట్టి ఆ సీను మళ్ళీ తీస్తామన్నారు. మేవిస్ గొంతు తర్వాత కలుపుకుంటారు. ఒక అమ్మాయి వచ్చి నా జాకెట్ లోపల కట్టిన మైకు విప్పి తీసుకుపోయింది.

"నోటికొచ్చింది అనుండ్రి మేడమ్. భుజాలు కదిల్తే చాలు. ఒక్క మాట సుత రికార్డు కాదు," అన్నాడు జోయెల్.

తొట్టి ముందు నిలబడి చొక్కాను నీళ్ళలో ముంచాను. వెనక ఆడవాళ్ళెవరూ ఈసారి నవ్వలేదు. అమ్మ మాటలోనే మొదలుపెట్టబోయాను. పనిమనిషి గొంతు నాలుక చివరిదాకా వచ్చేసింది. పళ్ళు బిగించి దాన్ని ఆపేశాను. ఇక నా దగ్గర మిగిలింది ఒక్క గొంతే, మిసెస్ పార్జిటర్ నేర్పింది.

"అమ్మా, ఆ రోజు ఫోన్ చేసింది నేనే. హెట్టీని. నీ బిడ్డనే," అన్నాను.

ఒక్క అక్షరం మింగలేదు. హాల్లో చివరి వరుసదాకా వినపడేంత స్పష్టంగా వచ్చింది. అమ్మ బతికొచ్చి ఆ పెరట్లో నిలబడినా ఈ గొంతును గుర్తుపట్టదని తెలుసు. జోయెల్ చాలు చాలనేదాకా చొక్కా పిండుతూ ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెబుతూ ఉన్నాను.