పది సెకన్ల తేడా

పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి, భర్త పాపయ్యకి మొహం తుడిచి, ఆండాళమ్మ వంటింట్లో పోపు వేస్తుండగా పక్కగదిలో కొడుకు హేమంత్ ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఆవిడ చేతిలో గరిటె గాలిలోనే ఆగింది. కోడలు మహేశ్వరి వచ్చి స్టవ్ కట్టేసి, అత్తగారి కొంగు పక్కకి సర్ది వెళ్లింది. గుమ్మంలో కూరలామె, "దాయీ ఫిర్ రుక్ గే కా?" అని, పెద్దమ్మ మళ్లీ ఆగిపోయిందా అని తన భాషలో అడిగి, ఆవిడ కదిలేదాకా కూర్చుందామని బుట్ట దించుకుంది.

మూడేళ్ల కిందట దసరాకి ఆ ల్యాప్‌టాప్ కొన్నారు. ఆండాళమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మూత మీద అరచెయ్యి ఆనించి, "నా బిడ్డకి అన్నం పెట్టేది నువ్వే తల్లీ, నీకు నేను తోడు" అని మొక్కుకుంది. మర్నాటినుంచి అది ఆగితే ఆవిడా ఆగేది, అది కదిలితే ఆవిడా కదిలేది.

హేమంత్ ఇనుప షెడ్ల డ్రాయింగులు గీస్తాడు. పెద్ద డ్రాయింగు తెరిచినప్పుడల్లా నిమిషం పడుతుంది. ఇన్నాళ్లూ ఆ నిమిషం ఎవరికీ బరువు కాలేదు. భన్‌పురి మిల్లులో ముప్పై ఏళ్లు దుమ్ము పీల్చిన పాపయ్య ఈ ఏడు మంచం పట్టాడు. ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. మొన్న ఆయన దగ్గుతో మెలికలు తిరుగుతుంటే, నీళ్ల గ్లాసుతో ఆండాళమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

తేరుకున్నాక కొడుకు దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది. "అయ్యా, నాకింకేటీ వద్దు. మీ నాన్న పోయేటప్పుడు మాత్రం నేను బొమ్మలాగ ఉండిపోకూడదు."

"కొత్తది కొందాం అత్తయ్యా. దానికి పూజ మానేస్తే సరి" అంది మహేశ్వరి.

"బాగుందే! అన్నం పెట్టేదాన్ని పూజ చెయ్యకుండా వాడతారేటి?"

పాపయ్య మంచం మీంచి నవ్వబోయి దగ్గాడు. "మీ అత్త ఆగితేనే కదే, నా మాట సాంతం వినేది."

దేవేంద్ర నగర్‌లో కంప్యూటర్ల దుకాణం దుర్గారావు హేమంత్‌కి రెండు ల్యాప్‌టాప్‌ల బొమ్మలు చూపించాడు. "రెండూ ఒకటే బాబూ. దీనికి ప్రాసెసర్ ఒక్క మెట్టు పైన. అందుకని ఏడువేలు ఎక్కువ. దండగ."

"తేడా ఎంతుంటుందండీ?"

"నీ పాతది నిమిషం తీసుకునే పని కిందది ఇరవై సెకన్లలో చేస్తుంది. పైది పదిలో చేస్తుంది. ఆ పది సెకన్లలో రాజ్యాలేలుతావా?"

వంటింట్లోంచి నాన్న మంచం దాకా అమ్మ అడుగులు మనసులోనే వేసి చూసుకున్నాడు హేమంత్. పది సెకన్లలో ఆవిడ చేరిపోతుంది.

"పైదే ఇవ్వండి."

"స్టాకు లేదు. గురువారం వస్తుంది."

"అందాకా పని ఆపెయ్ జీ" అంది మహేశ్వరి ఇంట్లో. ఆపుదామనే ఉంది అతనికి. గురువారం పొద్దుటికి డ్రాయింగు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని కంపెనీవాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు.

గురువారం పొద్దున పాపయ్య ఊపిరి మారింది. గొంతులో గురక. ఆండాళమ్మ పరుగున వచ్చి మంచం పక్కన కూలబడి, ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. తెరిచిన తలుపులోంచి అది చూసి లేవబోతూ, హేమంత్ ఆఖరిసారి సేవ్ నొక్కాడు.

"ఆండాళూ..." అని పాపయ్య ఊపిరి లోపలికి తీశాడు.

ల్యాప్‌టాప్ బిగుసుకుంది.

ఆండాళమ్మ ఆగిపోయింది. ఆవిడ చేతుల్లో చెయ్యి ఉన్న పాపయ్యా ఆగిపోయాడు. మహేశ్వరి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి రావడం లేదు, పోవడమూ లేదు. ఒళ్లు వెచ్చగానే ఉంది.

తెర మీద చిన్న పెట్టె వచ్చింది. ప్రోగ్రామ్ పలకడం లేదు, మూసేయాలా, వేచి ఉండాలా అని అడిగింది. మూసేస్తే అమ్మ కదులుతుంది. అమ్మ కదిలితే నాన్న ఊపిరి బయటికి పోతుంది, మళ్లీ లోపలికి రాదు. అమ్మ అడిగింది అదొక్కటే, ఆ క్షణాన కదులుతూ ఉండడం. హేమంత్ వేలు మౌస్ మీదకి వెళ్లింది. నొక్కలేకపోయింది.

ఫోన్ మోగింది. దుర్గారావు. "వచ్చేసింది బాబూ, పైదే. తీసుకెళ్తావా?"

హేమంత్ ఫోన్ కట్టేశాడు. మౌస్ వదిలేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

మహేశ్వరి చార్జర్ తెచ్చి గుచ్చింది. ఎవరి కాలూ తగలకుండా ఆ తీగని గోడ వారగా సర్ది, కరెంటు పోయినా ల్యాప్‌టాప్ ఆరిపోకుండా, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు ఎంతున్నాయో చూడ్డానికి వెళ్లింది.