తాడు బయటి మొక్క

అది కాదమ్మడూ, మేకుల సంగతి తర్వాత. ముందు తాడు సంగతి రాయి. తాడు తెలియకపోతే మేకులెందుకో ఎవరికీ తెలీదు. నీకు తెలుసులే, మొన్ననే ఆ కొండ దిగొచ్చావు. వినేవాడికీ తెలుసు. అయినా రాయి, వాడు మర్చిపోయినట్టు నటిస్తాడు.

వాడెవడో కూడా రాయి. మీ నానమ్మ తమ్ముడు, నా బావమరిది. అందరూ ఉడత అంటారు. చెట్టు కనపడితే వాడి కాళ్ళు నేల మీద నిలవవు.

మా పడుచు రోజుల్లో మొక్కల మేడం అని ఒకావిడ ఉండేది, మేమిద్దరం ఆవిడ కింద పనిచేసేవాళ్ళం. కొండ మీద ఫెర్న్ మొక్కలు ఎన్ని రకాలున్నాయో, వాటి పాత చుట్టాలు ఎన్నున్నాయో చూడ్డం ఆవిడ పని. పువ్వు పుయ్యవు, కాయ కాయవు. ఆకు తిప్పితే వెనక గోధుమరంగు చుక్కలుంటాయి. దులిపితే పొడి రాలుతుంది, ఆ పొడి గాలికి పోయి ఎక్కడో మొలుస్తుంది. మొదటిసారి చూసి మీ నానమ్మ, "తెగులు పట్టిన ఆకులు ఇంట్లోకి తెచ్చారేంటి" అని చీపురు తీసింది. పాత చుట్టాలంటే, ఫెర్న్ల కన్నా ముందు పుట్టినవంట. నాచుకి పెద్దన్నల్లాగా ఉంటాయి. వాటిల్లో ఒక రకం చెట్టు మీద మొలిచి, ఆడపిల్ల జడల్లాగా కిందికి వేలాడుతుంది. ఆ జడల మొక్క కోసం మేడం మెడ పైకెత్తుకునే నడిచేది. రెండుసార్లు బురదలో పడింది కూడా.

పని ఎట్లాగంటే, కొండెక్కకముందే ఆఫీసులో కూర్చుని పటం మీద చుక్కలు పెట్టేది. చుక్క ఎక్కడ పడితే అక్కడ గూటాలు పాతి, నాలుగు పక్కలా తాడు కట్టాలి. పొదైనా సరే, బండైనా సరే. మొక్కలున్న చోటే ఏరుకుంటే కొండ లెక్క తప్పుతుందంట. తాడు లోపల బొటనవేలంత ఫెర్న్ ఉన్నా లెక్కే. తాడు బయట బంగారం మొలిచినా మనది కాదు. తాడు కట్టేది, చెట్లెక్కేది ఉడత. వాడు తెచ్చిన కొమ్మల్ని పాత పేపర్ల మధ్య పరిచి, చెక్కలతో బిగించి, పొయ్యి వేడికి ఆరబెట్టేది నేను.

ఆ ఏడు వాడికో ఆశ పుట్టింది. మేడం ఆఫీసులో ఎండు మొక్కలు పెట్టే గదికి ఒక మనిషి కావాలన్నారు. ఏడాది పొడుగునా ఉండే పని. ఫ్యాన్ కింద కుర్చీ. మాలోంచే ఒకణ్ణి తీసుకుంటానంది మేడం.

"బావా, ఆ కుర్చీ నాది. నువ్వు అడ్డం రాకు," అన్నాడు.

"నాకెందుకురా కుర్చీ, పొయ్యి చాలు. నువ్వే, కుర్చీని కొమ్మనుకుని దూకేవు, జాగ్రత్త," అన్నాను.

ఒక పొద్దున చుక్క బోడి చోట పడింది. ఒట్టి రాళ్ళు, అక్కడక్కడ కాస్త నాచు. వాడు తాడు కట్టాడు. నేనూ మేడం నీళ్ళకని కింద వాగు దాకా వెళ్ళాం. మేం అటు వెళ్ళగానే వీడు తాడు బయట వాలిపోయి ఉన్న చెట్టెక్కాడు. ఊరికే ఎక్కాడు, వాడి గుణం. ఎక్కి చూస్తే కొమ్మ అవతల పక్కన జడలు! దిగి, ఒక పక్క గూటాలు రెండూ పీకి, బారెడు అవతల పాతేసి, ఆ చెట్టుని తాడు లోపలికి లాగేశాడు. మేడం ముఖం వెలిగిపోతుందనుకున్నాడు. కుర్చీ కూడా వచ్చేస్తుందనుకున్నాడు.

ముఖం వెలిగింది, అబద్ధం చెప్పకూడదు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అట్లా పైకి చూస్తూ నిలబడిపోయింది. తర్వాత కిందికి చూసింది. పాత గూటాల గుంటలు నాచులో అట్లాగే ఉన్నాయి, నీళ్ళు ఊరుతున్నాయి.

"తాడు ఎవరు జరిపారు?"

"తాడా? ఎవరూ జరపలేదు మేడం," అన్నాడు ఉడత.

"మరి ఈ గుంటలు?"

"ఎలుగుబంటేమో మేడం. ఈమధ్య బాగా తిరుగుతున్నాయి."

మేడం మోకాళ్ళ మీద కూర్చుని, తాడు చాలక కొత్తగా అతుకేసిన చోట ముడి పట్టుకు చూసింది. "ఎలుగుబంటికి ఎడమచేతి ముడి ఎవరు నేర్పారయ్యా?"

మాలో ఎడమచేతివాటం వాడొక్కడిదే. నాకు నవ్వాగలేదు. వాడు నాకేసి చూశాడు.

"మీకోసమే చేశాను మేడం. బారెడు జరిపితే కొండ మునిగిపోతుందా?"

"నాకు నచ్చిన చోట తాడు కట్టుకునేదాన్నయితే కొండెందుకెక్కుతాను? ఆఫీసు వెనక తోటలోనే కట్టుకుందును," అంది. అరవలేదు.

తాడు మళ్ళీ పాత గుంటల్లోకే వచ్చింది. లోపలున్నవి రాతి పగుల్లో బక్క ఫెర్న్లు, అవే రాసుకుంది. రేపెవరైనా వచ్చి ఇదే చోటు చూడాలంటే గుర్తుండాలి కాబట్టి నాలుగు మూలలా ఇనుప మేకులు దిగ్గొట్టాలి. సుత్తి నాకిస్తుందనుకున్నా. వాడికే ఇచ్చింది. వాడు ఆ కోపమంతా మేకుల మీద చూపించాడు. తలలు కూడా కనపడకుండా కొట్టాడు.

"చాలయ్యా, కొండ అవతలకి వచ్చేస్తాయి," అంది మేడం.

వాడు నవ్వలేదు. ఆవిడ వెళ్ళి జడల కింద కాసేపు నిలబడింది. ఒక్క కొస కూడా తెంపలేదు. తాడు బయట కనపడిందని రాసుకుని వచ్చేసింది.

కుర్చీ ఇంకొకరికి పోయింది, నాకూ కాదు. మేడం తప్పని నేననను. వాడు చెడ్డవాడనీ అనను. "మొక్క దొరికింది, నా కూడు పోయింది. నువ్వు నవ్వావు బావా," అన్నాడు. అంతే. తర్వాత పెళ్ళిళ్ళకి వచ్చాడు, తిన్నాడు, పేకాటలో నాతో తగువులాడాడు. కొండ మాటెత్తితే మాత్రం చెప్పులు వెతుక్కునేవాడు.

ఇప్పుడు రాయి మేకుల సంగతి. నువ్వూ మీ ఆఫీసువాళ్ళూ ఆ పాత చోట్లే మళ్ళీ చూడ్డానికి, ఇనుముంటే కూత పెట్టే మిషనొకటి పట్టుకెళ్ళారు కదా. మిగతా చోట్ల మేకులు పందులు పెళ్ళగించాయి, మట్టితో పాటు జారిపోయాయి. వాడు కోపంగా కొట్టిన ఈ ఒక్క చోట నాలుగూ ఎక్కడివక్కడ ఉన్నాయి. వాటికే తాడు కట్టారు. వాలిన చెట్టు ఎప్పుడో పడి పుచ్చిపోయింది. తాడు లోపల, మా కాలంలో లేని పిల్ల చెట్టుంది. దాని మీద జడలు! నువ్వు ఫోన్లో చూపిస్తే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

మీ ఆఫీసు పెద్దాయన అన్నది అన్నట్టు రాయి. "పాత లెక్కలో ఇది తాడు బయట. ఇప్పుడు లోపల. పడిపోయిన చెట్టు మీంచి ఇటు వచ్చిందన్నమాట. మేకులు కదిలుంటే ఇది మనకి తెలిసేదే కాదు. ఎవరు కొట్టారో గానీ, గట్టిగా కొట్టారు." నువ్వు "మా ఉడత తాత" అన్నావు కదా. బాగా అన్నావు.

నేను ఫోన్ చేసి కొండ మాటెత్తితే వాడు కూతురికిచ్చేస్తాడు. అందుకే నీచేత రాయించడం. ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నావుగా. పక్కన కూర్చుని నిదానంగా చదువు. ముందే నా మాటెత్తకు, లేచి లోపలికి పోతాడు. ఎలుగుబంటి ముడి దగ్గరకొచ్చాక కాస్త ఆగు. వాడు నవ్వితే మేకుల దాకా చదువు. నవ్వకపోయినా మేకుల దాకా చదువు.