తద్దినం నాటి సభ

“సభ ఎల్లుండి కూడా ఉంటుంది. మీ మామగారి తద్దినం ఎల్లుండి ఉండదు” అంది అత్తయ్య. నేను ముల్లంగి తరుగుతున్నాను. నా తోటికోడలు సబిత్రా పప్పు కడుగుతోంది. నేపాల్ రాజు దర్బారు వదిలి వెళ్లాక కొత్త రాజ్యాంగం రాయడానికి ఏర్పడిన సభలో ఆమె సభ్యురాలు. ఒక పార్టీ తన జాబితాలో ఆడవాళ్లు తక్కువయ్యారని ఆమె పేరు చేర్చింది. ఖాట్మండు అంతా ఆమెను “మాననీయ” అంటోంది. మా ఇంట్లో మాత్రం “చిన్నకోడలా, నీళ్లొచ్చాయి, బిందెలు పెట్టు” అంటారు.

దేశాన్ని నడపాల్సింది జనం నేరుగా ఎన్నుకున్న రాష్ట్రపతా, సభకు జవాబు చెప్పే ప్రధానమంత్రా? రేపు, సరిగ్గా తద్దినం నాడే, ఆమె సభలో మాట్లాడాల్సింది దాని మీదే.

“దేశానికి గట్టి చెయ్యి ఒక్కటుండాలి” అన్నారు మావారు లోకరాజ్, టీ తాగుతూ.

“గట్టి చేతిని మొన్ననేగా సాగనంపాం, బావగారూ! ప్రధానినైతే రోజూ నిలదీయొచ్చు. జవాబు బాగోకపోతే దింపేయొచ్చు.”

“రోజూ నిలదీస్తుంటే ఇక పనేం చేస్తాడు?”

“ఉప్పెందుకు తగ్గిందని మమ్మల్ని రోజూ అడుగుతున్నారుగా. మా పని ఆగిందా?”

నవ్వు ఆపుకోలేక నేను పెరట్లోకి వెళ్లిపోయాను. బి.ఏ. చదివిన నాకు పదహారేళ్లలో ఆ మాట ఒక్కసారీ తోచలేదు.

కాసేపటికి ఆమె కూడా వచ్చింది. “బయట చేరానని చెప్పెయ్” అన్నాను మెల్లగా. మా ఇళ్లల్లో ఆడదానికి దొరికే సెలవు అదొక్కటే. ఆ నాలుగు రోజులు వంటగది గడప తొక్కనివ్వరు. అలిసిపోయినప్పుడు నేనూ ఎన్నోసార్లు ఆ అబద్ధం ఆడాను.

సబిత్రా తల అడ్డంగా ఊపింది. “వద్దక్కా. ఏలేవాళ్లు మనకు నిజం చెప్పి తీరాలని అడగడానికి పోతున్నాను. ఇంట్లో అబద్ధం చెప్పి ఎలా పోను?”

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, మామగారి పటానికి దండం పెట్టి, అత్తయ్య ముందు నిలబడింది. “నాకు సభలో పనుంది. వెళ్తున్నాను. సాయంత్రం వచ్చాక అంట్లు తోముతాను” అంది. మాట తడబడలేదు. కొంగు చివర మాత్రం వేలికి చుట్టి విప్పుతూనే ఉంది. అత్తయ్య మొహం తిప్పుకుంది. అయినా ఆమె వెళ్లింది. అంత భయపడుతూ అంత నిటారుగా నడిచిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

“పోతే పోయింది. నువ్వున్నావుగా, భోజనానికొచ్చే పాతికమందికీ నువ్వే వండెయ్” అన్నారు మావారు, పంచె సర్దుకుంటూ.

“ఈ ఇంటి వంట నాదేనని ఎప్పుడు తీర్మానించారు? ఎవరెవరు ఒప్పుకున్నారు?”

“తద్దినం పూట ఇదేం ప్రశ్న?”

“జవాబు చెప్పండి. పొయ్యి తర్వాత వెలిగిస్తాను” అని, ఆయనకెదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.